ఎవరికి ఇవ్వకూడదు?

పోయినవారం దీవెన ఒక దొంగతనం చేసింది. డబ్బూ కాదు, దస్కమూ కాదు. ఆదివారం తెల్లవారుజామున మామ్మ సరోజమ్మ వెనకాలే పిల్లిలా నడిచి, చేపల చెరువు గట్టు మీద ఆవిడ వంగి తుంపుకున్న ఆకేమిటో కళ్ళారా చూసి వచ్చింది. కలిదిండి చుట్టుపక్కల ఎవరికి కామెర్లు వచ్చినా పరిగెత్తుకొచ్చేది సరోజమ్మ అరుగు మీదికే. ఆవిడ పోసే పసరు ఏ ఆకుదో మూడు తరాలుగా ఆ ఇంట్లో ఒక్క ఆడమనిషికే తెలుసు. పేరు బయటపెడితే మందు పనిచెయ్యదని మాట. తీరా చూస్తే అది నేల ఉసిరి. ఖాళీ జాగా కనిపిస్తే చాలు మొలిచే కలుపుమొక్క. తాడేపల్లిగూడెం కాలేజీలో దీవెన మొదటి ఏడాదే దాన్ని అట్టకు అంటించి, కింద శాస్త్రీయ నామం రాసి, పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకుంది.

ఆకు దొరికింది కదా అని అక్కడితో ఆగి ఉంటే ఈ కథ పోయినవారమే ముగిసేది. కానీ ఇరవై ఏళ్ళ పిల్లకు రహస్యం దొరికితే ఊరుకోబుద్ధి అవుతుందా? గూడెం తిరిగి వెళ్ళగానే, గురు, శుక్ర, శనివారాలు మూడు పొద్దులు, హాస్టలు వెనక మొలిచిన నేల ఉసిరిని కడిగి, నూరి, పిండి, మజ్జిగలో కలిపి మృదుల మేడం ఇంటికి పట్టుకెళ్ళి తాగించింది. మృదుల మేడం అంటే దీవెన ప్రాజెక్టుకు గైడు. పచ్చబడ్డ కళ్ళతో రెండు వారాల కిందట ఇదే అరుగు మీద కూర్చుని మందు అడిగితే, సరోజమ్మ "మీకు నా దగ్గర మందు లేదమ్మా" అని పంపేసిన మనిషి.

మనవరాలు చేసిన ఈ ఘనకార్యం సరోజమ్మకు ఇంకా తెలియదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. చర్చి అయింది, భోజనాలయ్యాయి, మధ్యాహ్నం రెండు దాటింది. సరోజమ్మ అరుగు మీద కాళ్ళు బారచాపుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా రోడ్డు, రోడ్డవతల చెరువు, చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు. దీవెన లోపలినుంచి ఒక నీలం ఫైలు పట్టుకుని వచ్చి మామ్మ పక్కన చేరింది.

"మామ్మా, ఒక సంతకం కావాలి."

"దేనికే?"

"నా ప్రాజెక్టుకి. రేపు ఇచ్చెయ్యాలి."

"అయితే ముందు చదువు. చదవకుండా సంతకం పెట్టే మీ తాతయ్య రెండెకరాల చేను చేపల చెరువు చేశాడు" అంది సరోజమ్మ, చేతిలో పని ఆపకుండా.

ఈ చదువేమిటో సరోజమ్మకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. ఇంటిగ్రేటివ్ హెల్త్ అండ్ వెల్‌నెస్ అంట. మూడేళ్ళు. పొద్దున్నే యోగా, ఆ తరవాత ఎముకలూ నరాలూ, మధ్యాహ్నం తిండి గురించీ నిద్ర గురించీ పాఠాలు. చేరే రోజున కొడుకు జాకబ్ కూతుర్ని అడిగాడు, "ఇది చదివితే డాక్టరువా, నర్సువా?" అని. "రెండూ కాదు నాన్నా" అంది దీవెన. మరైతే ఏమిటంటే అరగంట చెప్పింది. ఇంగ్లీషు వైద్యాన్నీ ఇంటి వైద్యాన్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, మనిషిని మొత్తంగా చూడాలంది. జాకబ్ ఓపిగ్గా అంతా విని, "హాస్టల్లో అన్నం బాగుంటుందామ్మా?" అన్నాడు.

ఈ ఏడాది ఒక్కొక్కరూ తమ ఊళ్ళో జనం నమ్మే వైద్యం ఒకటి తీసుకుని, దగ్గరుండి చూసి, రాసుకురావాలని పెట్టారు. అత్తిలి నుంచి వచ్చే అమ్మాయి బెణుకులు సవరించే ముసలాయన్ని పట్టుకుంది. దీవెనకు వెతుక్కోవలసిన పనే లేకపోయింది. ఇంట్లోనే ఉంది మరి, బంగారు గని.

"వైద్యం పేరు, కామెర్ల పసరు" అని దీవెన మొదలుపెట్టింది. "ఇచ్చేవారు, శ్రీమతి సరోజ, అరవై ఎనిమిదేళ్ళు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అత్తగారి దగ్గర. ఎప్పుడిస్తారు, ఆదివారం, పరగడుపున, చర్చికి వెళ్ళేముందు. ఏం తీసుకుంటారు, ఏమీ తీసుకోరు."

"టెంకాయలు తెస్తారుగా."

"అవి నువ్వు తినవుగా, పక్కింటి వాళ్ళకి ఇచ్చేస్తావు. పథ్యం, నూనె, కారం, మాంసం, చేప మానెయ్యాలి, పదకొండు రోజులు."

"చేప ముందు రాయవే. కొల్లేట్లో పుట్టినవాడికి అంతకన్నా పెద్ద పథ్యం ఇంకేముంది!"

దీవెన నవ్వి, ఆ మాట మార్చి రాసి, తరవాతి గడి దగ్గర ఆగిపోయింది.

"ఆగావేం? చదువు."

"వాడే మొక్క..." దీవెన గొంతు సన్నబడింది. "నేల ఉసిరి."

సరోజమ్మ చింతపండులోంచి ఒక గింజ తీసి డబ్బాలో వేసింది. ఇంకొకటి తీసింది. దీవెన మామ్మ చేతుల వైపే చూస్తోంది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో, ఇంక ఈ అరుగు మీదికి రోగులు రాకూడదని శపథం చేస్తుందేమో.

"అయితే మొన్న ఆదివారం నా వెనకాల వచ్చింది నువ్వేనన్నమాట" అంది సరోజమ్మ. "కుక్కపిల్లేమో అనుకున్నాను."

"కోపం లేదా మామ్మా?"

"మా అత్తగారి వెనకాల నేనూ ఇలాగే వెళ్ళానే. ఆవిడ చెప్పేదాకా ఆగితే నాకు ముసలితనం వచ్చేది." సరోజమ్మ నవ్వింది. "ఆకు చూడగానే నాకూ నీరసం వచ్చింది. ఓస్, ఇదా అనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా! మా పుస్తకంలోనే ఉంది మామ్మా. గూడెం బజార్లో దాని పొడి సీసాల్లో అమ్ముతారు. మరి పేరు చెబితే పనిచెయ్యదని ఎందుకన్నావు?"

"చెయ్యదుగా."

"అదెలా? ఆకు పేరు ఆకుకేం తెలుసు?"

"ఆకుకి తెలియదే, జనానికి తెలుస్తుంది. పేరు తెలిసిందనుకో, మనిషి ఇక్కడికెందుకొస్తాడు? ఇంట్లోనే నూరుకుని తాగేస్తాడు. తాగేసి నాకు బాగైపోతుందిలే అని కూర్చుంటాడు. మరి నేను వాడి మొహం చూసేదెప్పుడు?"

మూడు తరాల రహస్యం ఆకు అనుకుంది దీవెన. ఆకు ఎర మాత్రమే. పెన్ను మూత పీకి ఖాళీ కాగితం తీసింది. పుస్తకంలో లేనిది దొరికినప్పుడు ఆ పిల్ల కళ్ళు ఎలా వెలుగుతాయో కాలేజీలో మేడం చాలాసార్లు చూసి ముచ్చటపడింది. ఇప్పుడవి అలాగే వెలిగాయి.

"మొహంలో ఏం చూస్తావు మామ్మా?"

"మొహం ఒక్కటేనా! అరుగు మీద గంటసేపు ఎందుకు కూర్చోబెడతాననుకున్నావు?"

"ప్రార్థనకి."

"ప్రార్థన అయిదు నిమిషాలు. మిగతాదంతా చూడ్డమే. ఆటో దిగేటప్పుడు ఎవరి భుజమన్నా పట్టుకుంటాడా, తనే దిగుతాడా. ఒళ్ళు గోక్కుంటాడా. నీళ్ళిస్తే గ్లాసు వణుకుతుందా. కళ్ళ తెల్లగుడ్డు వెలుగులో చూస్తాను. గోళ్ళు చూస్తాను. మీ ఊరేంటి బాబూ అని అడుగుతాను. పావుగంట పోయాక మళ్ళీ అదే అడుగుతాను. అప్పుడేమంటాడో చూడాలి. ఇప్పుడేగా చెప్పానండీ అని విసుక్కుంటే మంచిదే. మళ్ళీ కొత్తగా చెబుతున్నాడంటే మాత్రం వాడికి నా దగ్గర మందు లేదు."

"అప్పుడేం చేస్తావు?"

"ఏదో ఒకటి చెబుతాను. ఆకు దొరకలేదంటాను. ప్రార్థనలో జవాబు రాలేదంటాను. నీ ఒంటికి నా చెయ్యి పడదంటాను. నీకు ప్రాణం మీదికొచ్చిందిరా అని మొహం మీద అంటే అక్కడే సగం చస్తాడు. మీ నాన్నని పిలిచి, ఇతను ఏలూరు పెద్దాసుపత్రికి వెళ్ళాలంట, దింపిరా అంటాను."

చేపల ట్రేలు మోసే జాకబ్ ఆటో ఒక్కో ఆదివారం చర్చి కూడా మానేసి ఏలూరు ఎందుకు వెళుతుందో దీవెనకు ఈ ఇరవై ఏళ్ళలో ఇప్పుడు తెలిసింది. చేపల మేత కోసమని అనుకునేది. చిన్నప్పుడు తననీ తీసుకెళ్ళమని ఏడ్చిన రోజులు గుర్తొచ్చి సిగ్గేసింది. నాన్న కూడా ఎంత గుట్టు మనిషి!

ఆమె గబగబా రాసుకుంటూనే ఉంది. ఇది కదా అసలు ప్రాజెక్టు అని లోపల ఒకటే సంబరం. మేడం చదివితే ఎగిరి గంతేస్తుంది.

"ఇంకా గడులున్నాయా?" అంది సరోజమ్మ.

"ఒక్కటే. ఎవరికి ఇవ్వకూడదు అని ఉంది. నేను లేదు అని రాశాను."

చింతపండులో ఉన్న చెయ్యి ఆగింది.

"లేదా? లేదని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అందరికీ ఇస్తావని... ఇప్పుడు మార్చేస్తాలే మామ్మా. ఇందాక చెప్పినవన్నీ ఇక్కడే రాయాలిగా." దీవెన ఆ గడిలో 'లేదు'ను కొట్టేసింది. కొట్టేస్తుంటే ఒక అనుమానం వచ్చింది. ఇందాక మామ్మ చెప్పిన మాటల్లో ఒకటి ఆమెకు తెలిసిన మాటే. మీకు నా దగ్గర మందు లేదమ్మా.

"మామ్మా, మరి మృదుల మేడంని ఎందుకు పంపేశావు?"

"ఎవరూ, మీ కాలేజీ ఆవిడా? ఆసుపత్రికి వెళ్ళిందా?"

"ముందు నువ్వు చెప్పు. ఆవిడ తనే ఆటో దిగింది. గ్లాసు వణకలేదు. కళ్ళు కూడా కొంచెమే పచ్చబడ్డాయి. మరెందుకు?"

"నువ్వేమనుకున్నావు?"

దీవెన తలదించుకుంది. "పంతులు గారింటి ఆడపడుచు, మన చేతి నీళ్ళు తాగుతుందో లేదో, తాగించి మాటెందుకు పడాలి అనుకున్నావని అనుకున్నా. దానికి తోడు ఆవిడ ఆకు సంగతి గుచ్చి గుచ్చి అడిగింది కదా, అది నీకు నచ్చలేదనుకున్నా. నాకు తల కొట్టేసినట్టయింది మామ్మా, ఆ రోజు."

"ఓసి పిచ్చిదానా, కైకలూరు నుంచి ఎంతమంది పంతులుగార్లు నా చేతి పసరు తాగి పోలేదు! రోగం వచ్చినప్పుడు మడి ఎవరికి గుర్తుంటుంది?" సరోజమ్మ ముందుకు జరిగి గొంతు తగ్గించింది. "ఆ రోజు పక్కింటి వాళ్ళు ఎండుచేపలు కాలుస్తున్నారు, గుర్తుందా?"

"గుర్తుంది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను సిగ్గుతో చచ్చాను. చేపల కంపు ఆవిడకి అలవాటుండదు కదా."

"నువ్వు సగమే చూశావు. కొంగు పెట్టుకుంది చేపలు కాల్చినప్పుడు కాదే. వాళ్ళు కాల్చడం మొదలెట్టి అప్పటికి చాలాసేపయింది, ఆవిడ ఓర్చుకుని నీతో కబుర్లు చెబుతూనే ఉంది. మీ అమ్మ లోపల అన్నం వార్చింది చూడు, ఆ గంజి ఆవిరి ఇటు కొట్టగానే పెట్టుకుంది. పుట్టిన దగ్గర్నుంచి అన్నం తిన్న మనిషికి అన్నం వాసన పడలేదు."

"కామెర్లకి కూడా అన్నం సయించదుగా మామ్మా?"

"సయించదు. అందుకే నేనూ అప్పుడే ఏమీ అనుకోలేదు. వెళ్ళేటప్పుడు చూశాను. మన గట్టు దిగేచోట వాన పడి జారుతోంది. చీర కట్టుకున్న ఆడది అక్కడ ఏం పట్టుకుంటుంది చెప్పు? కుచ్చిళ్ళు పట్టుకుంటుంది. ఆవిడ కుచ్చిళ్ళు బురదలో పడితే పడనీ అని కడుపు మీద చెయ్యి వేసుకుంది. ఆవిడ నీళ్ళోసుకుందే. ఆవిడకి తెలుసు కూడాను. మూడో నెల నిండకుండా బయటికి చెప్పకూడదని దాచుకుంటోంది."

ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. దీవెన చేతిలో పెన్ను ఎప్పుడు కిందపడిందో ఆమె చూసుకోలేదు.

పోయిన ఏడాది శ్రావణంలో మృదుల మేడం క్లాసులోకి పెద్ద స్టీలు డబ్బాతో వచ్చింది. అత్తగారు పంపిందని రవ్వలడ్డూలు పంచింది. ఎందుకో అడిగితే నవ్వింది. ఆడపిల్లలందరికీ అర్థమైంది. నెల తిరక్కుండా మేడం సెలవు పెట్టింది. తిరిగొచ్చాక ఆ లడ్డూల ఊసు ఎవరూ ఎత్తలేదు. వీధి వీధంతా పంచిపెట్టిన ఆ అత్తగారి మొహం ఎదురుగా చూడలేక, మేడం కొన్నాళ్ళు సాయంత్రం దాకా స్టాఫ్ రూములోనే కూర్చునేదని అటెండరు చెప్పాడు. ఈసారి ఎవరికీ చెప్పకపోవడంలో వింతేముంది?

"నాకు చెప్పొచ్చుగా మామ్మా!" దీవెన దాదాపు అరిచింది. "ఆ రోజే చెప్పొచ్చుగా!"

"నీకా? నువ్వు పక్కనే పుస్తకం తెరుచుకుని, నేను తుమ్మినా రాసుకుంటున్నావు. మొగుడికి తప్ప చెప్పుకోని మాట, అతనికైనా చెప్పిందో లేదో, నేను నీ పుస్తకంలోకి ఎక్కించనా? పెద్దాసుపత్రికి వెళ్ళండమ్మా, అక్కడ అన్నీ చెప్పండి అన్నాను. అన్నీ అని రెండుసార్లు అన్నాను. ఆవిడ నా కళ్ళలోకి చూసింది. అర్థమైందనుకున్నాను." సరోజమ్మ మనవరాలి మొహం ఇప్పుడు పరీక్షగా చూసింది. రోగుల్ని చూసినట్టే చూసింది. "ఏంటే? అలా అయిపోయావేం?"

దీవెనకు భయం కన్నా ముందు సిగ్గు వచ్చింది, సిగ్గు వెనకాలే భయం వచ్చింది.

"మామ్మా, ఆవిడకి మందు నేనిచ్చాను."

"ఎప్పుడు?"

"మొన్న. గురువారం నుంచి. మూడు పూటలు."

సరోజమ్మ కొట్టలేదు, తిట్టలేదు. అడిగే గొంతు మాత్రం మారింది.

"ఆసుపత్రికి వెళ్ళిందా లేదా? అది చెప్పు."

"మనింటికి రాకముందే ఒకసారి చూపించుకున్నారు. వాళ్ళ మావగారికి స్నేహితుడంట ఆ డాక్టరు. ఎక్కువేం లేదు, రెస్టు తీసుకోండి, వారంలో మళ్ళీ రక్తం పరీక్ష చేద్దాం, రండి అన్నాడు. ఆయనకీ చెప్పి ఉండరు మామ్మా, చెబితే ఆ సాయంత్రానికే ఇంట్లో తెలిసిపోతుంది. ఆ వారం ఎప్పుడో దాటిపోయింది. గురువారం నేను వెళ్ళినప్పుడు, మీ మామ్మ పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు కదా, వెళ్ళాలంటావా దీవెనా అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

దీవెన రెండు చేతులతో మొహం కప్పుకుంది. "ఇప్పుడు మామ్మ మందే తాగుతున్నారుగా మేడం, ఇంకెందుకు అన్నాను."

ఈ కథ రాసేవాడికి కూడా ఆ పిల్ల మీద కోపం రావడం లేదు. రెండేళ్ళుగా ఆమె చదువుతున్నదల్లా ఆ రెండు వైద్యాల్నీ పక్కపక్కన కూర్చోబెట్టడమే. అవసరం వచ్చిన రోజున ఒకదాన్ని లేపి రెండోదాన్ని కూర్చోబెట్టింది. చదువుకున్నవాళ్ళం మనలో ఎంతమందిమి ఈ పని చెయ్యలేదు? దీవెనకు మాత్రం తన మీద తనకు అంత జాలి కలగలేదు.

"ఆకు చెడేమీ చెయ్యదే" అంది సరోజమ్మ. "మంచి ఆకే. ఆ మాట ఉంది చూడు, ఇంకెందుకు అన్న మాట, అదీ చేసేది. నేనూ ఒకసారి అన్నాను."

"ఎవరితో?"

"మా చెల్లెలి కూతురు. క్యాథరిన్. నువ్వప్పటికి పుట్టలేదు. కామెర్లు వచ్చేసరికి అయిదో నెల. మా పెద్దమ్మ ఉండగా ఆసుపత్రికెందుకు అంది. అవును, ఇంకెందుకులే అన్నాను నేను. నా మందు మీద నాకు అంత పొగరుండేది." సరోజమ్మ కొంగుతో కళ్ళు కాదు, చేతులు తుడుచుకుంది. "దాని పెళ్ళికి కుట్టించిన తెల్లగౌను కడుపు దగ్గర కుట్లు విప్పి తొడగాల్సొచ్చింది, శవపెట్టెలో పెట్టేటప్పుడు. అప్పట్నుంచే ఈ అరుగు మీద గంటసేపు కూర్చోబెట్టడం. మా అత్తగారు కూర్చోబెట్టేది కాదు. ఫోను చెయ్యి. ఇప్పుడే చెయ్యి."

దీవెన ఫోను తీసింది. వేళ్ళు సరిగ్గా పడక రెండుసార్లు వేరే పేరు నొక్కింది. మూడోసారి మేడం నంబరు మోగింది. స్పీకరు పెట్టింది. మోగి మోగి ఆగిపోబోతుండగా ఎవరో ఎత్తారు.

"నువ్వా తల్లీ! నీకు నూరేళ్ళు. ఇప్పుడే నీ గురించే అనుకుంటున్నాం" అంది అవతలి గొంతు. మృదుల మేడం అత్తగారు ఆండాళ్ళమ్మ. మూడు పొద్దులూ వీధి తలుపు తీసి, మజ్జిగ గ్లాసు తనే కడిగి అందించిన మనిషి.

"ఆంటీ, మేడం ఉన్నారా? ఒకసారి ఇవ్వరా?"

"పడుకుందమ్మా. మీ చేతి చలవ ఏమో గాని, వారం రోజులుగా రెప్ప మూతపడని పిల్ల, నిన్న సాయంత్రం అనగా పడుకుంది, ఇప్పటిదాకా ఒకటే నిద్ర. పొద్దున కాఫీ ఇవ్వడానికి లేపితే నన్ను పట్టుకుని బామ్మా అంది. నిద్రమత్తు, పాపం! నవ్వుకున్నాం. మళ్ళీ పడుకుంది."

అరుగు మీద చింతపండు పళ్ళెం దొర్లిన చప్పుడైంది. సరోజమ్మ లేచి నిలబడింది. చింతపండు, గింజలు అరుగంతా చెదిరిపోయాయి.

"క్యాథరిన్ కూడా ఇలాగే పడుకుందే" అంది, గుసగుసగా.

ఆవిడ మనవరాలి చేతిలోంచి ఫోను లాక్కుంది. "అమ్మా, నేను దీవెన వాళ్ళ మామ్మనండీ. నమస్కారమండీ. కోడలు గారిని ఒకసారి లేపండమ్మా."

"అయ్యో, మీరాండీ! మీ పేరే తలుచుకుంటున్నామండీ. ఇన్నాళ్ళకి హాయిగా కన్ను మూసింది, ఎందుకండీ లేపడం? లేవగానే నేనే ఫోను చేయిస్తాను."

"కాదండీ. ఇప్పుడే లేపాలండీ. లేవకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలండీ."

"ఆసుపత్రా?" ఆండాళ్ళమ్మ గొంతులో కాస్త నొచ్చుకున్న తీరు వినిపించింది. "ఎందుకండీ? మందు పడబట్టేగా నిద్ర పట్టింది? అబ్బాయి కూడా ఇంట్లోనే ఉన్నాడు. సాయంత్రం దాకా చూద్దామండీ."

సరోజమ్మ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి దీవెన వైపు చూసింది. ఆ చూపు దీవెనకు అర్థమైంది. చెప్పకపోతే ఆ మనిషి లేపదు. చెబితే, ఒక ఆడది తన అత్తగారి దగ్గర కూడా కాపాడుకుంటున్న మాట తన నోటి మీదుగా బయటపడుతుంది. చెప్పే హక్కు తనకు లేదు. చెప్పకుండా ఉండే హక్కు మూడు రోజుల కిందటే పోగొట్టుకుంది.

దీవెన ఫోను తీసుకుంది.

"ఆంటీ, నన్ను క్షమించండి. ఆ మందు మా మామ్మ ఇవ్వమనలేదు. ఇవ్వనని పంపేస్తే నేనే దొంగతనంగా తెచ్చి ఇచ్చాను. మేడం కడుపుతో ఉన్నారాంటీ. ఆసుపత్రిలో ముందు ఆ మాటే చెప్పాలి."

అవతల ఇంట్లో ఎక్కడో టీవీ మోగుతోంది. తిడుతుందని దీవెన ఎదురుచూసింది.

"నిజమా తల్లీ?" ఆండాళ్ళమ్మ గొంతు వణికింది. అందులో కోపం లేదు. సంతోషం ఉంది. అదే దీవెనకు భరించరానిదైంది. "నాకు చెప్పలేదు చూశావా, పిచ్చిపిల్ల! పోయినసారి ఊరంతా పంచానని భయపడి ఉంటుంది. ఉండు, లేపుతాను. ఇప్పుడే లేపుతాను."

ఫోను మంచం మీద పడేసినట్టుంది. గాజుల చప్పుడు, పరుపు కదిలిన చప్పుడు.

"మృదులా! లేమ్మా. నా దగ్గర దాచావుటే, దొంగపిల్లా? లే, లే, నేనేమీ అననులే."

గాజులు మళ్ళీ చప్పుడు చేశాయి, ఈసారి గట్టిగా.

"మృదులా! ఇదిగో, ఇటు చూడు. కళ్ళు తెరువు తల్లీ. మృదులా!"

అరుగు మీద ఇద్దరూ ఫోను మీదికి వంగి వింటున్నారు. సరోజమ్మ చెయ్యి దీవెన మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే చర్మం తెల్లబడింది. మూడోసారి ఆండాళ్ళమ్మ పిలిచింది కోడల్ని కాదు, కొడుకుని.

"రామచంద్రా! ఒరేయ్ రామచంద్రా! ఇలా రారా, దీని చేతులు ఎలా కొట్టుకుంటున్నాయో చూడరా!"

పరుగెత్తిన అడుగులు, పడిపోయిన కుర్చీ, ఒక మగగొంతు. దీవెన ఫోనును నోటికి ఆనించుకుని "ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఆంటీ, కడుపుతో ఉన్నారని చెప్పండి" అని అరుస్తూనే ఉంది. గూడెంలో ఆ మంచం మీద పడి ఉన్న ఫోనును ఎవరూ చేతిలోకి తీసుకోలేదు.